కింది నుంచి కోసిన సలహా

పత్రికా కార్యాలయాల్లో నిపుణులు ఎలా తయారవుతారో డెస్కులో కొత్తగా చేరే పిల్లలకు ఎవరూ చెప్పరు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడు మూత తెరిచి లాగినవాడు కంప్యూటర్ నిపుణుడు. రెండుసార్లు జ్వరమొచ్చి సెలవు పెట్టినవాడు ఆరోగ్యం పేజీకి బాధ్యుడు. కరీంనగర్‌లో మా జిల్లా ఎడిషన్‌కు సంబంధించినంత వరకు నేను మొదటి రకం.

కాగితం లాగిన మరుసటి వారమే మా ఎడిషన్ ఇన్‌చార్జి పిలిచి, జిల్లా పేజీల్లో వారానికోసారి పాఠకుల కంప్యూటర్ సందేహాలకు జవాబులు రాయాలన్నారు. నాకంత తెలియదన్నాను. వంటల శీర్షిక చూసే మన సబ్ ఎడిటర్‌కు వంటొచ్చా అని అడిగారు. రాదు. అతను పొద్దూ మాపూ హోటల్ క్యారేజీ మీద బతికేవాడు. అయినా అతను రాసిన గుత్తి వంకాయ కూర బాగా కుదిరిందని ఉత్తరాలు వస్తుండేవి. ఆ తర్కం ముందు నేను నిలబడలేకపోయాను.

అలా రిటైరయ్యే దాకా, అంటే దాదాపు ఆరేళ్లు, ఆ శీర్షిక రాశాను. బస్టాండు వెనక రిపేరు దుకాణాల్లో స్టూలేసుకుని కూర్చుని, వాళ్లు విప్పుతుంటే చూసి, విసుక్కున్నా వదలకుండా అడిగి నేర్చుకున్నదే నా చదువంతా. ప్రశ్నలు కూడా పెద్ద కష్టమైనవేం వచ్చేవి కావు. పదింటిలో తొమ్మిది ఒకటే: నా కంప్యూటర్ మెల్లగా నడుస్తోంది, ఏం చేయాలి? తొమ్మిదింటికీ జవాబూ ఒకటే: మూత తీసి దుమ్ము దులపండి. మాటలు మార్చి మార్చి అదే రాసేవాణ్ని. ఏటా అదే ఎండలకు కొత్త వార్త రాయడం అలవాటైన చేతికి అదొక లెక్క కాదు.

నా ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను. బతికున్న మనిషి ఫొటోను సంతాప వార్తలో పెడితే, ఆయనే ఫోన్ చేసి, ఫొటో బాగా పడిందని చెప్పి మరీ తిట్టాడు. అలాంటివి ప్రతి డెస్కులో ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఒక లారీ గురించి. అది నిజం లారీ కూడా కాదు.

బెల్లంపల్లి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆదిలాబాద్ పేజీలు కూడా మా ఆఫీసులోనే తయారయ్యేవి. గీతల కాగితం మీద, ముత్యాల్లాంటి అక్షరాలు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి రాశాడు. పదేళ్ల కింద బిడ్డ డిగ్రీ చదువు కోసం కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉంది. దాని మీద ఆయన లారీ నడిపే ఆట ఆడతాడు. లారీ పోతూ పోతూ ఆగుతుంది, మళ్లీ ఎగిరి ఇంకోచోట తేలుతుంది. నలుగురితో కలిసి నెట్టులో ఆడేటప్పుడు ఆటే ఆయన్ని బయటకు నెట్టేస్తుంది. కొత్త కంప్యూటర్ కొనేది లేదు, ఉన్నదానిలో ఏమేం మార్చాలో వరుసగా చెప్పగలరు అని రాసి, చివర తన వయసు అరవై రెండని కలిపాడు. కంప్యూటర్ వయసు రాయబోయి తన వయసు రాశాడేమోనని డెస్కులో కాసేపు నవ్వుకున్నాం.

అయితే ఆ ఉత్తరం నన్ను కదిలించింది. ఆరేళ్లలో మొదటిసారి దుమ్ము దులపమంటే సరిపోని ప్రశ్న. రెండు రోజులు రిపేరు దుకాణంలో కూర్చుని, శీర్షిక మొత్తం ఆ ఒక్క జవాబుకే కేటాయించి రాశాను. ఆటలకు ప్రాణం గ్రాఫిక్స్ కార్డు. కొత్తది అక్కర్లేదు, వాడినదైనా మంచిది చూసి వేయించుకోండి. ర్యామ్ నాలుగు జీబీ ఉంటే ఎనిమిది చేయండి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి. ఇవన్నీ రాశాక ఆఖరి పేరాలో ఇలా రాశాను: అన్నిటికన్నా ముందు మీ ఎస్ఎంపీఎస్ చూసుకోండి. కంప్యూటర్‌కు కరెంటు పంచే ఆ రేకు డబ్బా పాతదైనా, నాసిరకమైనా గ్రాఫిక్స్ కార్డు బరువు మోయలేదు. దాన్ని మార్చకుండా కార్డు వేయవద్దు, కాలిపోయే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆఖర్న ఎందుకు రాశావని మీరడగవచ్చు. రేకు డబ్బాతో మొదలుపెడితే ఎవరు చదువుతారు? ఊరించేది ముందు, ఉప్పూకారం తర్వాత. మాకు నేర్పిన విద్య అది.

మాకు నేర్పిన ఇంకో విద్య, కింది నుంచి కోయడం. వార్తలో ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద ఉంటుందని డెస్కు నమ్మకం. అందుకే ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చి పేజీలో చోటు తగ్గితే, ఎవరూ వార్త చదవరు. కింద ఎన్ని లైన్లు పోవాలో చూసి కోస్తారు. అంతే వేగం, అంతే నిశ్చింత. నేను వేలాది వార్తలు అలా కోశాను. ఊరి సమస్య చెప్పి చివర్లో గ్రామస్తుల డిమాండు రాస్తే డిమాండు పోయేది, సమస్య మిగిలేది.

ఆ రోజు సాయంత్రం ఒక నాయకుడి జన్మదిన శుభాకాంక్షల ప్రకటన వచ్చింది. మధ్యలో ఆయన, చుట్టూ శుభాకాంక్షలు చెప్పే పదహారు మంది, పై వరుసలో వాళ్లందరికీ పెద్దవాళ్లు నలుగురు. ఒక్క తలను కూడా చిన్నది చేయడానికి వీల్లేదు. పేజీలో ఎనిమిది లైన్లు ఎక్కువయ్యాయి. ఎప్పట్లాగే కింది నుంచి కోత పడింది. పేపరు వెళ్లిపోయింది. నేను ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

నెల దాటింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి నేను ఆఫీసుకొస్తే, గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన తెల్ల చొక్కా, మెడలో తువ్వాల వేసుకున్న బక్కపల్చటి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కాళ్ల మధ్య బియ్యం సంచి. పొద్దున పది నుంచి కూర్చున్నాడట. పత్రిక అంటే పొద్దున్నే వస్తుంది కాబట్టి, దాన్ని తయారుచేసేవాళ్లు కూడా పొద్దున్నే వస్తారని ఆయన అనుకున్నాడు.

నన్ను చూపించగానే లేచి, సంచి ఎత్తుకుని నా వెనకే డెస్కులోకి వచ్చాడు. నా బల్ల మీదున్న పేపర్లు పక్కకు జరిపి, సంచిలోంచి కంప్యూటర్ డబ్బా తీసి పెట్టాడు. తువ్వాలతో దాని నెత్తి తుడిచాడు. కాలిన వాసన గది నిండా వ్యాపించింది.

"కంప్యూటర్ల సంగతి రాసేది మీరేనా సార్? గీ డబ్బ మీ పేపర్ కాల్చింది."

జేబులోంచి నా శీర్షిక కత్తిరింపు తీశాడు. లామినేషన్ చేయించాడు. నా రాతకు అంతటి మర్యాద అంతకు ముందు దక్కలేదు, ఆ తర్వాతా దక్కలేదు. దానిమీద పెన్నుతో ఒక్కో పని పక్కన టిక్కు పెట్టుకున్నాడు. ర్యామ్, టిక్కు. ఎస్ఎస్‌డీ, టిక్కు. గ్రాఫిక్స్ కార్డు, టిక్కు. కార్డుకు కరెంటిచ్చే పిన్ను పాత డబ్బాలో లేదు. కార్డుతో పాటు అతుకు వైరు వచ్చింది. బిగించి నొక్కితే, ఒకటిన్నర నిమిషం పాటు లారీ ఎన్నడూ లేనంత అందంగా కనిపించిందట. ఆ తర్వాత టప్పుమని చప్పుడు, పొగ.

"మీరెట్ల రాసిండ్రో గట్లనే జేసిన. ఒక్క అక్షరం అటిటు పోలే."

నాకు కోపమొచ్చింది. ఎస్ఎంపీఎస్ మార్చమని స్పష్టంగా రాశాను కదా. కత్తిరింపు తీసుకుని చూస్తే ఆఖరి పేరా లేదు. ఉన్నట్టుండి నాలో నిప్పులాంటి విలేకరి మేల్కొన్నాడు. నా కంప్యూటర్‌లో అసలు కాపీ వెతికి ఆయనకు చూపించాను. ఇదిగో చూడండి, నేను రాశాను, ఎవడో కోశాడు, వాడెవడో తేలుస్తాను అని, ఆ రోజు పేజీ ప్రూఫులు తెప్పించాను. మా దగ్గర పేజీని ఎవరు విడుదల చేస్తే వాళ్లు ప్రూఫు మూలన పొట్టి సంతకం పెట్టాలి. పెట్టి ఉంది. ఆ సంతకం నాది.

అవును, ఆ రోజు పేజీ నాదే. నా రాతను నేనే, చదవకుండా, అలవాటు కొద్దీ కింది నుంచి ఎనిమిది లైన్లు కోశాను. పక్క బల్ల దగ్గర మా పేజీ డిజైనర్ ఉంది. ఆమె తల వంచుకుని మౌస్ కదిలించింది. ఆమెకు ముందే తెలుసన్నమాట.

పెద్దమనిషి అరవలేదు. కుర్చీలో కూర్చుని అసలు కాపీ మొత్తం చదివాడు.

"బాయిల షిఫ్టుకు దిగంగనే ముందుగాల పని జూసే సర్దార్ కట్టెతోని పైకప్పు కొట్టి జూస్తడు. సప్పుడు మంచిగుంటెనే బొగ్గు ముట్టనిస్తడు. మీ పేపర్ల ముందుగాల బొగ్గు రాసి, పైకప్పు సంగతి ఆఖరుకు రాస్తరా సార్?"

పత్రికల్లో ముఖ్యమైంది ముందు రాయడం పద్ధతని గొణిగాను.

"మరి గా రేకు డబ్బ ముఖ్యం గాదా?"

ముఖ్యమే అన్నాను. 

టీ తెప్పించాను. క్షమాపణ చెప్పి, బాగుచేయించి వారంలో పంపిస్తానన్నాను. ఆయన గోడ గడియారం చూశాడు. వారం లేదు సార్, మూడున్నర దాకనే ఉంది అన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు కథ. టీ చల్లారిపోయింది, ఆయనదీ, నాదీ.

ఆయన బాయిలో హాలేజీ ఇంజన్ ఆపరేటర్. ఇనప తాడు చుట్టే ఇంజన్ ముందు కూర్చుని, కిందనున్న బొగ్గు టబ్బులను పైకి లాగడం పని. ముప్పై ఏళ్లు కూర్చున్న చోటే కూర్చుని బండ్లు నడిపాను, నా బండి మాత్రం ఒక్క అడుగు ముందుకు పోలేదు అన్నాడు. ఆయన తమ్ముడు గల్ఫ్‌లో ట్రేలర్ డ్రైవర్. ఆరేళ్ల కింద తమ్ముడు సెలవుపై వచ్చినప్పుడు, మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కుటుంబమంతా జీపులో కొండగట్టు బయలుదేరింది. తమ్ముడే నడుపుతున్నాడు. ముందు సీట్లో అన్న. లక్షెట్టిపేట దాటినప్పటి నుంచి జర మెల్లగ, హారన్ కొట్టు, గా బర్రెను జూడు అని అన్న చెబుతూనే ఉన్నాడు. తమ్ముడు పళ్లు బిగించుకుని జగిత్యాల దాకా ఓర్చుకున్నాడు. గుట్ట కిందికి రాగానే బండి ఆపి, నీకు సైకిల్ తొక్కుడు గూడ రాదు, నాకు నేర్పుతున్నవా, గంత భయమైతే దిగు అన్నాడు.

"దిగిన. దిగి నిలవడ్డ. ఒక్కసారి పిలిస్తె ఎక్కుతుంటి సార్. పిలువలే."

గుట్ట నడిచి ఎక్కాడు. స్వామిని వేరుగా మొక్కాడు. బస్సులో ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆయన రిటైరై గోడలు చూస్తూ కూర్చుంటే, మంచిర్యాలలో టీచరుగా చేసే బిడ్డ పాత కంప్యూటర్‌లో లారీ ఆట వేసిచ్చింది. కొన్నాళ్లకు, గల్ఫ్‌లో ఉన్న చిన్నాయన కూడా అదే ఆట ఆడతాడని కనిపెట్టి, ఇద్దరినీ ఒకే గుంపులో కలిపింది. మాట్లాడుకోవద్దు, ఉత్తగ నడపండి అని షరతు పెట్టింది. ఆ పిల్ల మా డెస్కులో ఉండాల్సింది. వారమంతా ఎడారిలో ట్రేలర్ నడిపే తమ్ముడు, సెలవు రోజైన శుక్రవారం క్యాంపులో కూర్చుని మళ్లీ లారీ నడిపేవాడు. ఇక్కడ మూడున్నరకు అన్న బెల్లంపల్లిలో స్టార్ట్ చేసేవాడు. ఎక్కడో యూరప్ రోడ్ల మీద, పైన పేర్లు రాసి ఉన్న రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి. మాట లేదు. మలుపుల దగ్గర ఒక హారన్, దానికి జవాబుగా ఇంకో హారన్.

కంప్యూటర్ పాతది కావడంతో అన్న లారీ ఆగిపోయేది, ఆట ఆయన్ని బయటికి తోసేది. అట్నుంచి చూసేవాడికి అన్న ఉన్నట్టుండి మాయమైనట్టే కనిపిస్తుంది. నాలుగోసారి అలా జరిగినప్పుడు తమ్ముడు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేశాడు. ఆరేళ్లలో మొదటి మాట.

"మళ్ల దిగినవా."

ఆ మాట చదివాకే ఆయన నాకు ఉత్తరం రాశాడు. నా సలహా పాటించాక మూడు శుక్రవారాలు అసలు ఎక్కనే లేదు. ఫోన్ చేసి విషయం చెప్పొచ్చు కదా అన్నాను. తమ్ముడు అన్నది దెప్పుడు గానీ పిలుపు కాదు, ఫోన్ చేస్తే తానే ముందు పిలిచినట్టు అవుతుందన్నాడు. బిడ్డతో చెప్పించాడట. పేపర్ల జూసి జేస్తె కంప్యూటర్ కాలుతదా, గిదొక అబద్ధమా అన్నాడట తమ్ముడు. మా పత్రిక మీద గల్ఫ్‌లో అంత నమ్మకం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రేపటి నుంచి తమ్ముణ్ని ఇంకో సైటుకు పంపుతున్నారు. అక్కడ నెట్ లేదు, ఎన్ని నెలలో తెలియదు. ఇవాళ కూడా కనిపించకపోతే, మూడు వారాల కింద దిగి మళ్లీ ఎక్కలేదనే లెక్క.

గడియారం రెండూ నలభై చూపిస్తోంది. ఆయన బెల్లంపల్లి తిరిగి చేరేసరికి ఎట్లాగూ సాయంత్రమవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం, నాకు తెలిసిన రిపేరు దుకాణాలు రెండూ నమాజుకు మూసి ఇంకా తెరవలేదు. ఆఫీసు మొత్తంలో మంచి ఎస్ఎంపీఎస్ ఒక్కటే ఉంది. పేజీలు పెట్టే మెషిన్‌లో. అంటే మా డిజైనర్ కడుపులో ఉన్నట్టే, ఆ మెషిన్‌ను ఆమె బిడ్డలా చూసుకునేది.

నా చూపు ఎటు పోయిందో ఆమె కనిపెట్టింది.

"సార్, నా మెషిన్ ముడితే సెలవు పెట్టి ఇంటికి పోత. ఆరింటికి ఆదిలాబాద్ పేజీలు పోవాలె."

ఐదింటికల్లా తిరిగి బిగిస్తానన్నాను. ఇన్‌చార్జి గారు ఐదున్నరకు గానీ రారన్నాను. ఆమె పెద్దమనిషి వైపు చూసింది. కథంతా విన్నదే.

"మా ఇంట్ల గూడ గిదే పంచాది పెద్దయ్యా. నేను స్కూటీ నడుపుతుంటె మా ఆయన ఎనుక కూసోని బ్రేకులేస్తడు." అని, లేచి తన కంప్యూటర్ ప్లగ్గు తనే పీకింది.

ఆరేళ్లుగా ఇతరుల కంప్యూటర్లు విప్పించిన నేను స్వహస్తాలతో విప్పింది ఆ రోజే. రాసినంత సులువు కాదు. నాలుగు స్క్రూలకు ఒకటి బల్ల కిందికి దొర్లింది, దాన్ని పెద్దమనిషి మోకాళ్ల మీద వంగి పట్టుకున్నాడు. మంచి డబ్బా తీసి ఆయన కంప్యూటర్‌కు తగిలించి నొక్కాం. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ లేదు. లోపల నుంచి పీక్ పీక్‌మని చప్పుడు. ఆయన నా ముఖం చూశాడు, వైద్యుడి ముఖం చూసినట్టు. రిపేరు దుకాణంలో చూసింది గుర్తొచ్చింది. ర్యామ్ పలకలు ఊడదీసి, వాటి బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్దాలి. పత్రికాఫీసులో రబ్బరు లేదు, మేం రాసింది చెరిపే అలవాటు మానేసి చాలా కాలమైంది. డిజైనర్ తన సంచిలోంచి కొడుకు కోసం కొన్న పెన్సిల్ డబ్బా తీసిచ్చింది.

మూడోసారి నొక్కితే తెర వెలిగింది. కార్డు కూడా బతికే ఉంది. చచ్చింది రేకు డబ్బా ఒక్కటే, చావాల్సింది కూడా అదే.

ఆఫీసు నెట్ వైరు తగిలించేసరికి మూడూ నలభై ఐదు. పావుగంట ఆలస్యం. ఆయన చేతులు తువ్వాలకు తుడుచుకుని కీబోర్డు మీద పెట్టాడు. లారీలు నిలిపే పెద్ద యార్డు కనిపించింది. అక్కడక్కడా వేరే దేశాలవాళ్ల లారీలు. తమ్ముడి పేరున్న లారీ లేదు. డెస్కులో అందరం ఆయన కుర్చీ చుట్టూ నిలబడ్డాం.  వంటల శీర్షిక సబ్ ఎడిటర్ ఇంకోసారి చూడండి అన్నాడు.

ఆయన ఇంకోసారి చూడలేదు. లారీ స్టార్ట్ చేశాడు. తమ్ముడు లేకపోతే ఒక్కణ్నే నడుపుతాననుకున్నాడో, ఊరికే కూర్చోలేకపోయాడో. మెల్లగా గేటు దాటి రోడ్డెక్కాడు. వంద గజాల దూరంలో, రోడ్డు పక్కన, నాలుగు లైట్లూ వెలిగి ఆరుతూ ఒక లారీ ఆగి ఉంది. పైన తమ్ముడి పేరు.

ఈయన దాని పక్కకు రాగానే అది హారన్ కొట్టింది. పత్రికాఫీసులో నాసిరకం స్పీకర్లోంచి వచ్చిన ఆ చప్పుడుకు మెట్ల మీదున్న వాచ్‌మన్ లేచి గేటు తీశాడట.

రెండు లారీలూ బయలుదేరాయి. ఒక్కసారి కూడా ఆగలేదు, ఎగరలేదు. కొండదారి వచ్చింది. ముందున్న తమ్ముడు మలుపును కాస్త జోరుగా తీసుకున్నాడు. పెద్దమనిషి పెదవులు కదిలాయి.

"జర మెల్లగ."

డెస్కంతా నవ్వింది. ఆయన సిగ్గుపడి, అలవాటు సార్ అన్నాడు.

ఆ నవ్వులో మేం తలుపు చప్పుడు వినలేదు. ఎడిషన్ ఇన్‌చార్జి నాలుగున్నరకే వచ్చేశారు. ఎప్పటి నుంచి వెనక నిలబడ్డారో తెలియదు. ఎవరీయన అని అడిగారు. పాఠకుడు సార్ అన్నాను. పొట్ట తెరుచుకుని పడున్న పేజీల మెషిన్‌ను ఆయన చూశారు, నన్ను చూశారు, మళ్లీ తెర వైపు చూశారు. ఆయన కోపం మాకు రకరకాలుగా తెలుసు. ఈ రకం మాత్రం కొత్త.

"రోడ్డు మారుతున్నాడు, ఇండికేటర్ వేయమనండి" అని తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆదిలాబాద్ పేజీలు ఆ రోజు గంటన్నర ఆలస్యంగా వెళ్లాయి. నాకు మెమో వచ్చింది. కార్యాలయ పరికరాన్ని అనుమతి లేకుండా బయటి వాహనానికి అమర్చినందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. ఉద్యోగంలో నాకొచ్చిన కాగితాల్లో అదొక్కటే పూర్తిగా నిజం. చీకటి పడకముందే కొత్త ఎస్ఎంపీఎస్ తెచ్చి పెద్దమనిషి డబ్బాలో బిగించి, ఆయన్ని బస్సెక్కించాను. డిజైనర్‌ది డిజైనర్‌కు చేరింది. స్క్రూ ఒకటి ఎక్కువొచ్చింది, ఎక్కడిదో తెలియలేదు.

తర్వాతి వారం సవరణ రాశాను. మా దగ్గర సవరణ అంటే పేజీ అడుగున, కళ్లద్దాలున్నా కనిపించని సైజులో వేస్తారు. నేను శీర్షిక మొదట్లోనే, మామూలు అక్షరాల్లో పెట్టాను: గ్రాఫిక్స్ కార్డు వేసేముందు ఎస్ఎంపీఎస్ మార్చండి, ఈ మాట కిందటి నెల కోసింది ఈ శీర్షిక రచయితే. ఆ సాయంత్రం కూడా ఎవరిదో జన్మదినం వచ్చింది. కింది నుంచి పదిహేను లైన్లు పోయాయి. ఆ వారం శీర్షికలో సవరణ తప్ప ఇంకేం మిగల్లేదు.

ఇప్పుడు ఈ వ్యాసాన్ని పేజీలో పెట్టబోయే సబ్ ఎడిటర్ ఎవరైనా సరే, ఒక మాట. చోటు చాలకపోతే పైనుంచి కోసుకో. ప్రింటర్ సంగతి తీసేయి, వంకాయ కూర తీసేయి, మెమో కూడా పోనీ. ఆ శుక్రవారం జరిగినదాంట్లో ఒక ముక్క దాచిపెట్టి కింద ఉంచాను. దీన్ని ముట్టుకోకు.

ఇన్‌చార్జి తన గదిలోకి వెళ్లిన కాసేపటికి తెర మూలన అక్షరాలు మెరిశాయి. తమ్ముడు రాశాడు: "బండి మంచిగైనట్టుంది." పెద్దమనిషి లారీని రోడ్డు పక్కన ఆపి, కీబోర్డు మీంచి చేతులు తీసేసి నావైపు తిరిగాడు; ముందున్న లారీ కూడా ఆగింది. మీరు రాసేటోళ్లు గద సార్, జవాబు మీరే కొట్టుండ్రి, తమ్మీ తిన్నవా అని మొదలువెట్టుండ్రి అన్నాడు. నేను మొదలుపెట్టాను. అక్కడితో ఆగలేదు. మా పత్రికలో జరిగిన పొరపాటు, ఎస్ఎంపీఎస్ కాలిన తీరు, మూడు వారాలు రాలేకపోయినందుకు విచారం, అన్నీ కలిపి ఆరు లైన్లు కొట్టాను. ముప్పై ఏళ్లలో నేను రాసిన మంచి కాపీల్లో అదొకటి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు.

"కింది నుంచి కొయ్యుండ్రి సార్. మీకు అలవాటే గద."

ఆఖరి లైను తీసేశాను. ఇంకా అన్నాడు. ఇంకోటి తీశాను. ఇంకా. విచారం పోయింది, ఎస్ఎంపీఎస్ పోయింది, పత్రిక పోయింది. "తమ్మీ, తిన్నవా" దగ్గర ఇగ సాలు అని, ఆయనే వేలితో నొక్కి పంపాడు.

లారీలు మళ్లీ కదిలి ఇంకో మలుపు దాటేదాకా జవాబు రాలేదు. తర్వాత వచ్చింది. ఆయన దాన్ని చదివి, కళ్లద్దాలు తీసి, తువ్వాలతో చాలాసేపు తుడిచాడు. రోడ్డు మీద లారీ దానంతటదే పక్కకు పోతుంటే మా డిజైనర్ వంగి స్టీరింగ్ మీటలు నొక్కి పట్టుకుంది.

"తిన్న. ఇగ దిగకు అన్నా."